రాఘవన్న స్టాక్‌హోమ్‌లో ఉండిపోయిన ఏడు వారాలు

పన్నెండేళ్ళుగా ఒక వాక్యం మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండే మాటలు. "లాయర్‌ని అడిగాను." అంతే. రెండు మాటలు మోయడానికి పన్నెండేళ్ళు ఆపసోపాలు పడాలా అని మీరనొచ్చు. నేనూ నన్ను అలాగే విసుక్కున్నాను, చాలాసార్లు. విసుక్కుంటే బరువు తగ్గదని తేలింది.

మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ళకి చెప్పడానికి చాలా వీలైన సందర్భాలు వచ్చాయి. అన్నిటినీ జాగ్రత్తగా తప్పించుకున్నాను. పేర్లు మార్చాను. ఊరు మార్చలేదు. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రపు పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో నాలాంటివాడిని ఊరిపేరుతో పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

ఇక్కడి తెలుగువాళ్ళలో ప్రతి గుంపుకీ ఒక వీసా పండితుడు ఉంటాడు. మా గుంపుకి నేను. ఈ పదవి ఎలా వచ్చిందంటే, ఒకసారి నా ఫారం నేనే తప్పుల్లేకుండా నింపుకున్నాను. అదొక్కటే అర్హత. ఆ తర్వాత ఫోటో సైజు ఎంత ఉండాలో, అపాయింట్‌మెంట్ ఏ ఊళ్ళో త్వరగా దొరుకుతుందో, ఆఫీసు లెటర్‌లో ఏం రాయించాలో అందరూ నన్నే అడిగేవారు. నేను చెప్పేవాణ్ణి. తెలిస్తే చెప్పేవాణ్ణి, తెలియకపోయినా చెప్పేవాణ్ణి, కాస్త గొంతు పెంచి. "నాకు తెలియదు" అని అన్న రోజు ఒక్కటి గుర్తు తెచ్చుకుందామని ఈ వారమంతా ప్రయత్నించాను. దొరకలేదు.

రాఘవన్న మా ఎదుటి బిల్డింగ్‌లో ఉండేవాడు. వరంగల్ మనిషి. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పగలంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మిగతా సమయమంతా చరిత్ర పుస్తకాలు. ఇంటికో వంట తెచ్చుకునే మా పాట్‌లక్ భోజనాల్లో మిగతా మగవాళ్ళం ఇళ్ళ ధరల గురించి మాట్లాడుకుంటుంటే, ఆయన పెరుగన్నం కలుపుకుంటూ స్వీడన్ రాజు కట్టించిన ఒక ఓడ గురించి చెప్పేవాడు. వాసా దాని పేరు. దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందటిది. రాజుగారి గొప్ప కనబడాలని ఫిరంగులు రెండు వరుసల్లో పెట్టారు. తొలి ప్రయాణంలోనే, ఇంకా స్టాక్‌హోమ్ రేవు దాటకముందే, చిన్న గాలికి పక్కకి ఒరిగి మునిగిపోయింది. మూడు వందల ఏళ్ళు దాటాక పైకి తీసి, దాని చుట్టూ మ్యూజియం కట్టారు. దాన్ని ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆయన కోరిక. మనుషులకి ఎలాంటి కోరికలుంటాయో చూడండి. అందరూ నయాగరాకి వెళ్ళొచ్చి ఊరుకుంటారు.

ఇక్కడ వీసా సంగతి ఒక్కటి చెప్పాలి. మావాళ్ళకి కంఠతా వచ్చిన విషయమే, మీకు రానక్కర్లేదు. అమెరికాలో ఉండి పనిచేయడానికి ఒక కాగితం. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి పాస్‌పోర్టులో స్టాంపు. కాగితం ఉంటే స్టాంపు గడువు దాటినా లోపల నిశ్చింతగా ఉండొచ్చు. బయట అడుగుపెట్టారా, కొత్త స్టాంపు వేయించుకుంటే తప్ప తిరిగి రాలేరు. ఒక్క మినహాయింపు ఉంది. కెనడాకో మెక్సికోకో వెళ్ళి నెల లోపల వచ్చేస్తే పాత స్టాంపుతో రానిస్తారు. ఈ మినహాయింపు గురించి నేను ఎవరో ఎక్కడో రాసింది చదివాను. సగం చదివాను.

ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద, కిరాణా షాపు ముందు పార్కింగ్‌లో, శనివారం పొద్దున, నేనూ రాఘవన్నా. మా ఆవిడా, రాఘవన్న భార్య సరిత వదినా లోపల కొత్తిమీర ఏరుతున్నారు. నా ఫోన్‌లో న్యూయార్క్ నుంచి స్టాక్‌హోమ్‌కి ఎవరో పొరపాటున తక్కువ ధర పెట్టినట్టున్న టికెట్ కనబడింది. ఇంకాసేపట్లో ఆ పొరపాటు వాళ్ళకీ కనబడుతుంది. ఆ తొందర నాది. రెండు కుటుంబాలు కలిసి వెళ్దామన్న సరదా కూడా నాదే.

"తమ్మీ, ఒక్క నిమిషం ఆగు. నా స్టాంపు మనం వచ్చేలోపల్నే అయిపోతది గద?"

"ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయింది కదన్నా?"

"అయింది. కాగితం ఇంట్లనే ఉన్నది."

"ఇంకేం మరి! నెల లోపు ట్రిప్ అయితే పాత స్టాంపుతో రానిస్తారు."

"అది కెనడాకే అంటరు గద?"

చూశారా? ఆయన సరైన ప్రశ్నే అడిగాడు. పండితుడు నేను, విషయం తెలిసినవాడు ఆయన. అప్పుడు నేను "ఏమో అన్నా, కనుక్కుందాం" అనాలి. నాలుక తిరగని మాటలేం కావు.

"మా లాయర్‌ని అడిగాను. యూరప్ అయినా పర్లేదంది."

"నిజంగనే అడిగినవా?"

"మొన్నే అడిగానన్నా. ముందు పాస్‌పోర్ట్ నంబర్ చెప్పు, ఈ ఫేర్ పోయేలా ఉంది."

చూడకుండా చెప్పాడు. ఒక్కో అంకె, నింపాదిగా. నమ్మినవాళ్ళు అలాగే చెబుతారు.

నేను ఏ లాయర్‌నీ అడగలేదు. ఎందుకన్నాను? దురుద్దేశమా? కాదు. దురుద్దేశమే ఉంటే ఈ వ్యాసానికి కాస్త గౌరవమైనా ఉండేది. పండితుడిని కదా, ఒక మనిషి ఎదురుప్రశ్న వేస్తే నాకు చిరాకేసింది. ఇంత చిన్న విషయానికి ఒక మనిషి జీవితాన్ని పక్కకి ఒరగనిస్తారా ఎవరైనా? ఒరగనిచ్చాను.

ఆ తర్వాత దారిలో దీన్ని ఆపగలిగినవాళ్ళు ఇంకొందరు ఉన్నారు. స్వీడన్ వీసా ఇచ్చేవాళ్ళు ఆయన ఎక్స్‌టెన్షన్ కాగితం, ఆఫీసు లెటర్ చూసి, ఎందుకో ఉదారంగా తొంభై రోజులు ఉండొచ్చని వీసా ఇచ్చేశారు. వెళ్ళేటప్పుడు స్టాంపుకి ఇంకా నాలుగు రోజుల గడువుంది కాబట్టి న్యూయార్క్‌లో ఎవరూ ఏమీ అనలేదు. సరిత వదినా, పాప మేఘనా అంతకుముందు ఏడాది వరంగల్ వెళ్ళి కొత్త స్టాంపులు వేయించుకుని వచ్చారు. వాళ్ళకీ, స్టాంపులకి ఇంకా గడువున్న మాకూ ఏ ఇబ్బందీ లేదు. అంతా ఎంత సవ్యంగా సాగిందంటే, నేను చెప్పింది నిజమేనేమోనని నాకే అనిపించింది.

స్టాక్‌హోమ్ బాగుంది. బాగుందని రాయడానికి కూడా నాకు ఒళ్ళు మండుతుంది, కానీ బాగుంది. ఊరంతా దీవులు. ఒక దీవి నుంచి ఇంకో దీవికి సిటీ బస్సు ఎక్కినట్టు పడవ ఎక్కుతారు. పాతబస్తీలో ఇటుకరంగు, పసుపురంగు ఇళ్ళ మధ్య రాళ్ళు పరిచిన సందుల్లో మా సూట్‌కేసు చక్రం ఒకటి విరిగింది. మేం అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో ఇక్కడి రైస్ కుక్కర్ పెట్టి కరెంటు పోగొట్టాం. అక్కడి కరెంటు వేరని పండితుడు చెప్పలేదు. పడవలో పులిహోర డబ్బా తెరిస్తే పక్కనున్న ముసలాయన వాసన చూసి, అదేమిటని అడిగి, ఒక ముద్ద తిని, మిరపకాయ కూడా తిని, ఆ తర్వాత ఏమీ అడగలేదు.

మ్యూజియంలో రాఘవన్న ఆ ఓడ ముందు రెండు గంటలు నిలబడ్డాడు. చీకటి హాలు, అంత ఎత్తున నల్లటి కర్ర. ఎనిమిదేళ్ళ మేఘనని పక్కన నిలబెట్టుకుని చెబుతున్నాడు. "ఓడ బయల్దేరక ముందు పరీక్ష చేసిన్రు బిడ్డా. ముప్పై మందిని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి ఉరికిచ్చిన్రు. మూడోసారి ఉరికేసరికి ఓడ ఎంత ఊగిందంటే, ఇంకొక్కసారి ఉరికితే ఈడనే మునుగుతదని పెద్ద ఆఫీసర్ ఆపమన్నడు."

"దెన్ దే ఫిక్స్‌డ్ ఇట్?" అంది పాప.

"లేదు బిడ్డా. ఎవ్వరికీ చెప్పలే. పంపించేసిన్రు."

నేను వెనక నిలబడి ఫోన్‌లో మ్యూజియం కాఫీ బాగుంటుందా అని చూస్తున్నాను.

తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ కౌంటర్. ఆవిడ రాఘవన్న పాస్‌పోర్టు తిప్పింది, మళ్ళీ తిప్పింది, ఫోన్ చేసి ఎవరితోనో మాట్లాడింది. స్టాంపు గడువు దాటింది, ఎక్కించుకోలేమని చెప్పింది. "ఐ యామ్ సారీ" అంది. ఆ రోజు క్షమాపణ చెప్పింది ఆవిడొక్కతే.

ఎక్స్‌టెన్షన్ కాగితం చూపించాం. మర్యాదగా చదివి మర్యాదగా వెనక్కిచ్చింది. వెనక లైను పెరుగుతోంది. ఎవరూ విసుక్కోవడం లేదు, అదింకా ఇబ్బందిగా ఉంది. సరిత వదిన నావైపు తిరిగింది.

"లాయర్‌ని అడిగిన అన్నవంట గద నువ్వు? ఈయన నాకు అట్లనే చెప్పిండు."

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట నేను అక్షరం మార్చకుండా రాస్తాను. చాలాసార్లు మార్చి చూశాను. ఎంత మార్చినా బాగుపడలేదు.

"నేను అడగమన్నాను వదినా. అన్న అడిగాడనుకున్నాను."

మొదటిది కనీసం తొందరలో అన్నది. ఇది తీరిగ్గా, నిలబడి, మనిషి ముఖం చూస్తూ అన్నది.

రాఘవన్న నన్ను చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి అన్నాడు. "అవును సరితా. నన్నే అడగమన్నడు. పనిల పడి మర్చిపోయిన."

నమ్మాడా? నా గొంతులో ధీమా విని, నిజంగా తనే మర్చిపోయాడేమో అనుకున్నాడా? లేక అంతా తెలిసే, పరాయి దేశంలో, లైనులో, పాప ముందు, నన్ను బజారున పెట్టడం ఇష్టం లేక తన మీద వేసుకున్నాడా? పన్నెండేళ్ళుగా ఈ రెండింటి మధ్యా ఈ పక్క నుంచి ఆ పక్కకి ఉరుకుతున్నాను. నమ్మితే నేను ఒక మంచి మనిషి జ్ఞాపకశక్తిని దొంగిలించాను. కాపాడితే నేను ఆయన ఇచ్చిన దాన్ని పన్నెండేళ్ళు అనుభవించాను. రెండిట్లో ఏది కాస్త నయమో ఎవరైనా చెబితే బాగుండును.

మేం విమానం ఎక్కాం. వదినా పాపా మాతోనే వచ్చారు. బడి తెరిచేస్తున్నారు మరి. పాప కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒక్కటే ప్రశ్న, నాన్న ఎప్పుడొస్తాడని. నేను పక్క సీటు. పండితుణ్ణి కదా, వాళ్ళమ్మ నన్నే చెప్పమంది. "వచ్చే వారం" అన్నాను. చూశారా, అప్పుడు కూడా.

వచ్చే వారం ఏడు వారాలైంది. అక్కడి అమెరికా ఎంబసీలో స్టాంపుకి అప్లై చేశాడు. కాగితాలు పరిశీలనలో ఉన్నాయంటూ పాస్‌పోర్టు అక్కడే ఉండిపోయింది. పాస్‌పోర్టు లేక ఇండియాకీ వెళ్ళలేడు. ఊరికి ఉత్తరాన, మెట్రో చివరి స్టేషన్ల వైపు ఒక రిటైరైన టీచరమ్మ ఇంట్లో గది తీసుకున్నాడు. మా మధ్యాహ్నం వేళ, ఆయనకి సాయంత్రం, నాకు ఫోన్ చేసేవాడు. అవును, నాకే. ఫోన్ మోగిన ప్రతిసారీ తిట్టడానికేమో అనుకునేవాణ్ణి. ఆయన తిట్టేవాడు కాదు. ఊరి సంగతులు చెప్పేవాడు. తిట్టినా బాగుండేది.

బిల్డింగ్ కింద అందరికీ కలిపి ఒకటే లాండ్రీ గది ఉందట. ఎవరి గంట వాళ్ళు బోర్డు మీద రాసుకోవాలట. గంట దాటి ఐదు నిమిషాలు ఎక్కువ వాడుకుంటే గోడ మీద చీటీ అంటిస్తారట, సంతకం లేకుండా, చాలా మర్యాదగా, రక్తం మరిగేలా. మందుల షాపులో కూడా మిషన్ నుంచి నంబర్ చీటీ తీసుకుని కూర్చోవాలట, షాపులో ఇంకెవరూ లేకపోయినా. "నేనొక్కన్నే ఉన్న తమ్మీ. అయినా చీటీ తీసుకున్న. నంబర్ పిలిచేదాంక ఆగిన." పగటివెలుగు రోజుకి ఐదు నిమిషాల చొప్పున తగ్గిపోతోందని చెప్పాడు. లెక్క రాసుకుంటున్నాడట. ఓడ దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడంటే, టికెట్ల దగ్గర అబ్బాయి పేరు పెట్టి పలకరిస్తున్నాడట.

ఒకరోజు అన్నాడు. "ఓడ మునిగినంక విచారణ చేసిన్రు తమ్మీ. కెప్టెన్ని అడిగిన్రు, వడ్రంగుల్ని అడిగిన్రు, అందర్ని అడిగిన్రు. ఎవ్వరిదీ తప్పు కాదని తేలింది."

"అవునా?" అన్నాను నేను.

"అవును మరి," అని నవ్వాడు.

ఆ నవ్వుని నేను వందసార్లు విప్పి చూశాను. అందులో ఏమైనా ఉందా? ఏమీ లేదేమో. చరిత్ర ఇష్టమున్న మనిషి చరిత్ర చెప్పాడేమో. అది కూడా తేల్చుకోలేకపోవడం నాకు పడ్డ శిక్ష అనుకుంటే, చాలా చవకగా వదిలిపెట్టారన్నమాట.

ఐదో వారంలో ఆయన ప్రాజెక్టు పోయింది. ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు, కానీ అప్పుడే మొదలుపెట్టిన గ్రీన్‌కార్డు పనిని కంపెనీ వెనక్కి తీసుకుంది. గ్రీన్‌కార్డుకి మన దేశంవాళ్ళ లైను ఎంత పొడుగో మీరు వినే ఉంటారు. లైనులో చోటు మొదటి కాగితం వేసిన తేదీని బట్టి. ఆయనా నేనూ ఒకే నెలలో వేశాం. నాది ఉంది. ఆయనది పోయింది. వేరే కంపెనీకి మారి మళ్ళీ కొత్తగా వేసేసరికి మూడేళ్ళు గడిచాయి. మూడేళ్ళ వెనక నిలబడ్డాడు.

ఏడో వారం తర్వాత తిరిగొచ్చినప్పుడు అందరికీ చాక్లెట్లు తెచ్చాడు. నాకు మాత్రం చాక్లెట్లతోపాటు మందుల షాపు నంబర్ చీటీ ఒకటి. "నీ కోసమే తెచ్చిన, గుర్తుకు ఉంచుకో," అన్నాడు. అది నా పర్సులో ఉంది. అంకెలు చెరిగిపోయాయి. పారేయడానికి చాలాసార్లు తీశాను.

ఇక్కడితో ఆగితే నేను పిరికివాణ్ణి మాత్రమే. కానీ నాకు హాస్యం రాసే అలవాటుంది. మరుసటి ఏడు మా తెలుగు సంఘం వార్షిక సంచికకి ఒక హాస్యవ్యాసం రాశాను. లాయర్‌ని అడగడం మర్చిపోయి పరాయి ఊళ్ళో ఇరుక్కుపోయి, లాండ్రీ చీటీలకి జవాబులు రాసుకుంటూ గడిపిన ఒక మతిమరుపు మనిషి కథ. పేరు మార్చాను. ఎవరో అందరికీ తెలుసు. పిక్నిక్‌లో మైకు పెట్టి చదివించారు. జనం పొట్టలు పట్టుకున్నారు. రాఘవన్న అందరికన్నా గట్టిగా నవ్వాడు. ఆరోజు నుంచి ఆయన పేరు "స్టాక్‌హోమ్ అన్న". ఇప్పటికీ ఎవరైనా ఏదైనా మర్చిపోతే "స్టాక్‌హోమ్ అయ్యావా?" అంటారు. ప్రతిసారీ నేనూ నవ్వాలి. రచయితని కదా.

ఈ గోలంతా ఇప్పుడెందుకంటే, మేఘన.

వచ్చే మార్చికి ఆ పిల్లకి ఇరవై ఒకటి నిండుతాయి. మూడేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. ఇరవై ఒకటి నిండితే తల్లిదండ్రుల వీసా కింద ఉండడానికి వీల్లేదు. ఆలోపు గ్రీన్‌కార్డు రాకపోతే విదేశీ విద్యార్థిగా మారాలి, ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచి మొదలు. నా కార్డు పోయినేడు వచ్చింది. రాఘవన్న పాత తేదీ ఉండి ఉంటే వాళ్ళ ముగ్గురికీ నాతోపాటే వచ్చేది. ఇది ఊహ కాదు. పండితుణ్ణి, ఈ ఒక్క లెక్క నాకు బాగా వచ్చు.

పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చింది. విద్యార్థి వీసా ఫారం నింపడంలో సాయం కావాలట. ఎవరినడుగుతుంది మరి? వంటింట్లో నా ఎదురుగా లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

"అంకుల్, మీరూ నాన్నా సేమ్ మంత్ ఫైల్ చేశారు కదా? హౌ కమ్ మాది త్రీ ఇయర్స్ లేట్?"

"మధ్యలో కంపెనీ మారాడు కదమ్మా."

"బికాజ్ ఆఫ్ స్టాక్‌హోమ్. ఐ నో. అమ్మ చెప్పింది. నాన్న లాయర్‌ని అడగడం మర్చిపోయాడు." స్క్రీన్ వైపే చూస్తోంది. "వన్ ఫోన్ కాల్, అంకుల్. అంతే కదా? నేను టూ మంత్స్ నుంచి నాన్నతో సరిగ్గా మాట్లాడట్లేదు. హీ జస్ట్ సేస్ సారీ. ప్రతిసారీ సారీ బిడ్డా అంటాడు. నాకింకా కోపం వస్తుంది."

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దేవుడు దిగొచ్చి ఏర్పాటు చేసినా దొరకదు. నోరు తెరిచాను.

"టీ తాగుతావా?" అన్నాను.

తాగుతానంది. పెట్టాను. అల్లం కూడా వేశాను. ఫారంలో మూడు తప్పులు దిద్దాను. థాంక్యూ అంకుల్ అని కౌగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజునుంచీ ఇది రాస్తున్నాను. రాస్తూ ఒక విషయం గమనించాను. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. నేను తెలుగులో ఒప్పుకుంటున్నాను. ఇదేం తెలివి? ఒప్పుకోవడంలో కూడా పక్కదారి వెతుక్కున్నానా? వెతుక్కున్నానేమో. అయితే ఈ దారిలో ఒక మనిషి కాపలా ఉన్నాడు. మీరు నాకు తెలియదన్నాను కానీ, ఇది పంపేది మా సంఘం సంచికకే. అది వస్తే రాఘవన్న అట్ట నుంచి అట్ట దాకా చదువుతాడు, అభినందన ప్రకటనలతో సహా. అచ్చుతప్పులు గుర్తుపెట్టి సంపాదకుడికి పంపుతాడు. మొదటి పేరా దాటకముందే ఆయనకి తెలుస్తుంది. చదివి కూతురికి వినిపిస్తాడో, మడిచి పక్కన పెట్టేసి నన్ను ఇంకోసారి కాపాడతాడో నాకు తెలియదు.

చూశారా, వచ్చింది. నాకు తెలియదు. పన్నెండేళ్ళ కింద పార్కింగ్‌లో రావాల్సిన మాట.

క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తాడు, ఆ మనిషి సంగతి నాకు తెలుసు. ఊరికే, చెప్పాల్సింది చెబుతాను. అన్నా, నేను లాయర్‌ని అడగలేదు. నిన్ను అడగమనీ అనలేదు. నువ్వేదీ మర్చిపోలేదు. అసలు ఆ లాయరమ్మ మా కంపెనీ లాయరు, మాట్లాడాలంటే ఆఫీసు ద్వారానే మాట్లాడాలి. ఆవిడ ఫోన్ నంబర్ నా దగ్గర ఎప్పుడూ లేదు.